తెగని గీతలు

పట్టుచీర మరీ ఎక్కువైందేమో, తెల్లకోటు కింద నీలం అంచు కనబడుతుంది, కనబడనీ, డాక్టర్ సత్యవాణికి ఇవాళ కాకపోతే ఇంకెప్పుడు, క్లెమెంటి స్టేషన్లో ఎక్కిన రైల్లో నిలబడటానికే చోటు లేదు, తలుపు దగ్గర ఇద్దరు మనవాళ్లు జావా గురించి మాట్లాడుకుంటున్నారు, మళ్లీ జావా, పెళ్లైన కొత్తలో అభిజిత్ కూడా ఇదే పాట, ఆర్నెల్లు జావా నేర్చుకో సత్యా, చీకటిగదిలో రోగుల ఎక్స్‌రే ఫిలింలు చూస్తూ ఎన్నాళ్లు కూర్చుంటావ్, ఇప్పుడంతా మా సాఫ్ట్‌వేర్ వాళ్ల రాజ్యమే, నిన్న సంగతి చెబితే మాత్రం ఆఫీసంతా వినేలా మా ఆవిడ పట్టేసిందిరా అన్నాడట, పట్టేశానుగా మరి, భద్రయ్య కుడిచెయ్యి నిలబెట్టాను, బూన్ లే దగ్గర ఓడల యార్డులో వెల్డింగు చేసే మనిషికి కుడిచెయ్యంటే మాటలా, దండచెయ్యి దగ్గర వాపొస్తే బరువులెత్తి వచ్చిందనుకుని మూణ్ణెల్లు బామ్ రాసుకున్నాడు, సెలవడిగితే ఈ దేశంలో పనిచేసే పర్మిట్ పోతుందని భయం, ఎమ్మారై చూసి మా పెద్దడాక్టరు కండలో పుట్టిన గట్టి కేన్సరు, బహుశా భుజం దగ్గరికి తీసేయాలి అన్నారు, కాదు సార్, లింఫోమా కావచ్చు, కండలో అరుదే గానీ వస్తుంది, కోతకి ముందు సూదితో ముక్క తీసి ఆ పరీక్షలూ చేయించండి అన్నాను, అన్నానంటే నేనే, నిన్న రిపోర్టులో అదే వచ్చింది, లింఫోమా అంటే తెల్లకణాల కేన్సరు, మందులతో కరుగుతుంది, చెయ్యి తీయక్కర్లేదు.

ఇవాళ పది గంటలకి ఆసుపత్రిలో డాక్టర్లందరి ముందూ ఈ కేసు చెప్పాలి, మొదటి వాక్యం నిన్ననే రాసుకున్నాను, ముద్దలోంచి సన్నగీతలు తెగకుండా పోవడం నేను గమనించాను, ఆ గీతలంటే రక్తనాళాలూ కండపోగుల మధ్య కొవ్వూ, గట్టి కేన్సరైతే వాటిని తోసేస్తుంది, తినేస్తుంది, లింఫోమా వాటి మధ్యలోకి చేరుతుందంతే, గమనించాను, బాగుంది, రైలెందుకో ఆగింది, ఎప్పుడు గమనించాను, ఆ రోజు భద్రయ్యని నా గదిలో కూర్చోబెట్టి తెలుగులో అన్నీ అడుగుతున్నాను, లైటు పెట్టె మీద అతని ఎమ్మారై ఫిలిం ఉంది, నేను కాయితం మీద రాసుకుంటున్నాను, అతనే లేచి దగ్గరికెళ్లి చూశాడు, నా అతుకులకీ ఇలాటి ఫిలింలే తీత్తారు డాక్టరమ్మా, తొమ్మిదేళ్లలో ఒక్కటీ ఎనక్కి రాలేదు, ఎంత గర్వంగా అన్నాడో, పాడైన కాడ గీత తెగిపోద్దమ్మా, ఇక్కడ గీతలు తిన్నగానే పోతన్నాయి గదా, మరి సెయ్యెందుకు తీసేత్తారు, నాకు నవ్వొచ్చింది, నవ్వుతూనే తల తిప్పి చూశాను, నవ్వు ఆగిపోయింది.

అవును, అలాగే జరిగింది, ఒక్కరోజులో ఎలా మర్చిపోయాను, పొగడ్తలు వింటూ అతని మాట నా మాటగా మార్చేసుకున్నాను, సిగ్గుగా ఉంది, అయినా గర్వం పోవడం లేదు, తొమ్మిదేళ్లు ఓడల అతుకులు చూసిన కన్ను అది, ఆ మాట విని మళ్లీ చూసింది నేను, గర్వపడటానికి నాకది చాలు, రైలు కదిలింది, పెన్ను తీసి మొదటి వాక్యం కొట్టేశాను, గీతలు తెగలేదని మొదట చూసినవాడు వెల్డర్ భద్రయ్య, చెయ్యి కాపాడుకున్నది అతనే.