ఎమిల్ సబ్బు కప్పు

మా ఆయన ఆర్విల్‌తో వేగడం నా వల్ల కాదు. రేడియో ఎండ అన్నదని గొడుగు లేకుండా వెళతాడు, తడిసి ముద్దై వస్తాడు, ‘‘ఇదీ ఒక వానేనా?’’ అంటాడు. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు. ‘తప్పు నాది’ అన్న మాట ఆ నోట ఒక్కసారీ వినలేదు.

అమెరికాలో, ఇండియానాలోని మా ఊరి సెలూన్ ఆయనదే. గోడ అలమరలో ఖాతాదార్ల సబ్బు కప్పులు వరసగా ఉంటాయి, బంగారు రంగు అక్షరాలతో పేర్లు రాసి. ఎవరి కప్పులో నురుగు వారికే. ఆ అలమరలో కప్పు ఉంటేనే ఊరివాడి కింద లెక్క. దాని పైన అధినేత పటం. ఎన్నికలు ఎత్తేసిన ఏడాది, ప్రతి దుకాణానికీ ఒకటి పంచారు.

ఓ శనివారం పక్కింటి ఎమిల్ గడ్డం గీయించుకుంటూ అన్నాడట: ‘‘మొన్న అధినేత ప్రసంగం మొదలెట్టినప్పుడు మా కోడి పొదగడానికి కూర్చుందిరా. ఆయన ‘చివరిగా ఒక్క మాట’ అనేసరికి పిల్లలు గింజలు ఏరుకుంటున్నాయి!’’

ఆర్విల్ ఇంటికొచ్చి చెబితే నేనూ పడి పడి నవ్వాను. సోమవారం అధినేత పార్టీ తరఫున మా వీధి నాయకుడైన టాగర్ట్‌కి క్షవరం చేస్తూ ఆయనకూ వినిపించాడు. మంచి జోకు దాచుకోవడం పాపమని మా ఆయన సిద్ధాంతం. టాగర్ట్ కూడా పొట్ట పట్టుకుని నవ్వాడట.

మర్నాడు తెల్లారకముందే అధినేత మనుషులు, బూడిదరంగు చొక్కాలవాళ్ళు, ఎమిల్‌ని ఇంట్లో వేసుకునే చెప్పులతోనే బండి ఎక్కించుకుపోయారు.

‘‘పొరపాటు పడుంటారు. ఏమీ చెయ్యనివాణ్ణి ఏం చేస్తారే? శనివారానికి వచ్చేస్తాడు,’’ అన్నాడు ఆర్విల్.

‘‘ఆ జోకు ఎవరికి చెప్పావు?’’

‘‘టాగర్ట్‌కి. ఆయన నవ్వాడు కూడా! నవ్వినవాడు పట్టిస్తాడా?’’

ఎమిల్ భార్య హిల్డా మా వంటింట్లో కూర్చుంది. కాఫీ చల్లారిపోతున్నా తాగలేదు. ‘‘శనివారమేనా? ఖాయమేనా ఆర్విల్?’’

‘‘ఖాయం. కోళ్ళకి మేత చూసుకో, అంతే.’’

శనివారం ఉతికిన తువ్వాళ్ళు ఇవ్వడానికి సెలూన్‌కి వెళ్ళాను. ఎమిల్ కప్పు కడిగి, కొత్త సబ్బు బిళ్ళ వేసి, బల్ల మీద సిద్ధంగా పెట్టి ఉంది. కుర్చీలో మాత్రం టాగర్ట్, మెడ నిండా నురుగుతో.

‘‘ఆ కప్పు పారెయ్యవోయ్. దాంతో ఇక పని లేదు,’’ అన్నాడు.

‘‘అంటే? ఎమిల్ ఎప్పుడొస్తాడు?’’ అన్నాడు ఆర్విల్.

‘‘రావడమేంటి? నిన్ననే గోడకి నిలబెట్టి కాల్చేశారు. వాళ్ళావిడకి సాయంత్రం చెబుతాంలే.’’ అద్దంలోంచి కన్ను గీటాడు. ‘‘అంతా నీ చలవే. పైవాళ్ళకి నీ పేరే చెప్పాను, పతకం రావచ్చు.’’

నా చేతిలోని తువ్వాళ్ళు నేల మీద పడ్డాయి. వంతు కోసం కూర్చున్న ఇద్దరూ పత్రికలు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. ఆర్విల్ చేతిలో కత్తి టాగర్ట్ గొంతు మీద ఆగిపోయింది.

ఆయన కత్తి మడిచి పక్కన పెట్టాడు. ఎమిల్ కప్పు తుడిచి, అలమరలో దాని చోట్లోనే పెట్టాడు. తర్వాత అందరివైపూ తిరిగాడు. పద్దెనిమిదేళ్ళుగా ఏ మాట కోసం కాచుకున్నానో, అది ఇప్పుడు రాకూడదని తల అడ్డంగా ఊపాను.

‘‘తప్పు నాది,’’ అన్నాడు ఆర్విల్, వీధిలోకి వినబడేంత గట్టిగా. ‘‘ఎమిల్ ఏ పాపమూ ఎరగడు. నేను మిమ్మల్నీ మీ అధినేతనీ నమ్మాను చూడండి, అదే తప్పు.’’