కాళ్లొస్తాయన్న పందెం

“చేపలు పెంచేటోళ్లకు మా ఇంట్ల కిరాయికి జాగ లేదు” అని దమయంతి పెరటి తొట్టి పక్కన నిలబడి తేల్చి చెప్పింది.

చిక్కడపల్లిలోని ఆవిడ ఇంటి గడప కోడిగుడ్డు కూడా దాటి ఎరగదు. అలాంటి ఇంట్లో నల్లగా, తోకలాడిస్తూ ఇన్నిన్ని ఈదుతుంటే ఊరుకుంటుందా? పైగా అది అరవై తొమ్మిదో సంవత్సరం. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ముదిరి కాలేజీలు మూతపడ్డాయి. ఆంధ్రా నుంచి వచ్చినవాళ్లకు ఇల్లు దొరకడం గగనమైంది. కాకినాడ నుంచి వచ్చి నారాయణగూడలో ఆడపిల్లలకు జంతుశాస్త్రం చెబుతున్న విద్యావతికి ఈ గది పోతే మరో గది లేదు.

అయినా ఆమె జంకలేదు. తెలిసిన విషయం దగ్గర తల వంచడం ఆమె ఒంట్లోనే లేదు.

“చేపలు కావు పిన్నిగారూ, కప్పపిల్లలు. అశోక్‌నగర్ ఖాళీ స్థలంలో వాననీటి గుంట ఇంకిపోతుంటే గుడ్లు తెచ్చాను. కాలేజీ తెరిచాక మా పిల్లలకు బతికున్నవి చూపిద్దామని. చూస్తూండండి, కాళ్లొస్తాయి.”

“తోకున్నదానికి కాళ్లొస్తయా? నన్ను ఎడ్డిదాన్ని చేస్తున్నవా?”

“రాకపోతే ఆ రోజే గది ఖాళీ చేస్తాను. వస్తే మాత్రం ఇంకెప్పుడూ ఖాళీ చెయ్యమనకూడదు.”

పందెం కుదిరింది. అప్పటి నుంచి తులసికి నీళ్లు పోసి రాగానే దమయంతి తొట్టిలోకి తొంగి చూసేది. ఉడికించిన పాలకూర వేస్తే అవి గుంపుగా మూగడం చూసి ముక్కున వేలేసుకుంది. పెద్దయ్యాక పురుగులు తింటాయన్న సంగతి విద్యావతి చెప్పలేదు. నిజాలన్నీ ఒక్కరోజే చెప్పాలని ఏ శాస్త్రమూ అనలేదు.

ముందు వెనకకాళ్లు మొలిచాయి.

“రెండే ఉన్నయి గద! ముందటియి ఏవి?”

“చర్మం కింద తయారవుతున్నాయి. అవీ వస్తాయి.”

ఒక ఉదయం దమయంతి పూజలో ఉండగా, కొన్నిటికి ముందుకాళ్లు పొడుచుకు రావడం విద్యావతి చూసింది. ఇక గెలిచినట్టే అనుకుని, ధీమాగా విద్యానగర్‌లో ఉన్న స్నేహితురాలింటికి వెళ్లింది. అక్కడ తన పందెం గురించి గొప్పగా చెబుతూ చెబుతూ ఠక్కున ఆగిపోయింది. ముందుకాళ్లు వచ్చాయంటే మొప్పలు మూసుకుపోతాయి. ఇక పైకొచ్చి గాలి పీల్చాలి. ఎక్కి కూర్చోడానికి ఆధారం లేకపోతే, నీళ్లలో పుట్టినవి నీళ్లలోనే మునిగి చస్తాయి. తొట్టి గోడలు నిట్టనిలువు, ఆపైన పాచి. ఈ పాఠం ఏటేటా తనే చెబుతుంది! కాళ్లొస్తాయని పందెం కట్టిందే కానీ, వచ్చిన కాళ్లు ఎక్కడ మోపుతాయో ఆలోచించలేదు.

ఎక్కడో రాళ్లు పడ్డాయని బస్సులు ఆపేశారు. కుచ్చిళ్లు ఎత్తిపట్టి నడక అందుకుంది. చచ్చినవాటిని చూపించి గెలిచానంటే ఎవరొప్పుకుంటారు? గది పోయినట్టే. కానీ బతికిస్తానని తెచ్చి చేతులారా చంపుకున్నానన్న బాధ అంతకంటే ఎక్కువైంది.

పెరట్లోకి వచ్చేసరికి తొట్టి నీళ్ల మీద దమయంతి భర్త కూర్చునే భోజనం పీట తేలుతోంది. దాని మీద ఇంకా ఊడని తోకలతో, నాలుగేసి కాళ్లతో కప్పపిల్లలు! దమయంతి మోచేతుల దాకా తడిసి, మునుగుతున్న మరొకదాన్ని దోసిట్లోకి తీసి పీట మీద వదులుతోంది.

“ఏం చదువు చెప్తవే నువ్వు? పాపం, ఎక్కుతున్నయి, జారుతున్నయి, పాణం కొట్టుకుంటున్నయి. ఎవ్వరికన్న జర కాలు మోపే జాగ ఉండాలె గద!”

విద్యావతికి కళ్లలో నీళ్లు తిరిగాయి. “నాదే తప్పు పిన్నిగారూ. మరి నా గది...”

“గది ముచ్చట ఎవరడిగిన్రు? నువ్వు పోతే ఇన్ని కప్పలను నేనొక్కదాన్ని ఏం చేసుకోవాలె?” అంది దమయంతి, పీట కదలకుండా పట్టుకుని. “మీ చిన్నాయన అన్నానికొచ్చే యాళ్లయింది. పో, ఆయనకు చాప పరువు.”