స్టేషన్ సీను నడుస్తుండగా

నేను ఒక సినిమా తెరను. షోలాపూర్‌లో నన్ను నేసి, వెనకనున్న స్పీకర్ల మాట హాల్లోకి వినబడాలని ఒళ్ళంతా సన్నటి చిల్లులు పొడిచి, తెల్లరంగు పూసి జహీరాబాద్ పంపారు. దిల్‌షాద్ టాకీసులో నన్ను బిగించి కట్టిన రోజు నుంచీ మనుషుల మొహాలు చూడటమే నా పని.

నా మీద ఎన్ని సినిమాలు ఆడినా ఊరు మరిచిపోనిది ఒక్కటే, ఒక పాత హిందీ ప్రేమకథ. జమీందారు చెల్లెలు, టాంగా తోలే కుర్రాడు ప్రేమించుకుంటారు. చివర రైల్వే స్టేషన్లో అన్న ఆ కుర్రాణ్ణి కాల్చేస్తాడు. అంతే కథ. ఏటా వేసవిలో మళ్ళీ వేసేవారు, మళ్ళీ హౌస్‌ఫుల్! హిందీ రానివాళ్ళు కూడా మాటల్ని నటుల కంటే ముందే చెప్పేసేవారు. పాటొస్తే చిల్లర విసిరేవారు. అన్న తుపాకి తీస్తే బూతులే బూతులు. అందరికంటే పెద్ద గొంతు చెరుకు లారీల బస్వరాజుది. "అరే కసాయోడా, అది నీ చెల్లెనే గదరా! దాని బతుకు దాన్ని బతకనియ్‌రా!" అని లేచి గర్జించేవాడు. ఎంత మెత్తటి మనసో అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

చిల్లర తగిలి చిరిగిన చోటల్లా నన్ను కుట్టేవాడు టైలర్ మాణిక్. నా వెనక చెక్కబల్ల మీద నిలబడి కుట్టేవాడు. బస్వరాజు చెల్లెలు నీలమ్మ అక్కడికే వచ్చేది. ఆ సినిమాను ఇద్దరూ నా వెనక నుంచే చూసేవారు, బొమ్మ కుడిఎడమలు తారుమారైనా సరే. "మనం స్టేషన్‌కు పోవద్దు. బస్సెక్కుదాం," అనేది నీలమ్మ. కులాలు వేరు కనక బీదర్ వెళ్ళి పెళ్ళి చేసుకుందామని రోజు కూడా అనుకున్నారు.

ఆ రోజుకు ముందురోజే, ఎవడు కబురు మోశాడో గానీ, బస్వరాజుకు తెలిసిపోయింది. మ్యాట్నీలో స్టేషన్ సీను నడుస్తుండగా చెరుకు కొట్టే కత్తితో పరుగెత్తుకొచ్చి వేదికెక్కాడు. నా మీద జమీందారు తుపాకి ఎత్తాడు. వీడు కత్తెత్తి నన్ను నిలువునా చీల్చి ఆ చీలికలోంచి దూరాడు. మొదటి వేటు మాణిక్ మెడ మీద పడింది. నీలమ్మ అడ్డం వస్తే జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. మళ్ళీ వేటు, మళ్ళీ వేటు. వెచ్చటి నెత్తురు నా ఒంటినిండా చిమ్మింది.

"సంపకే అన్నా! నీ కాల్మొక్త!" అని నీలమ్మ ఏడ్చి, నా చీలికలోంచి హాల్లోకి తల పెట్టి అరిచింది. "ఎవలన్న రాండ్రి! పట్టుకోండ్రి!"

హాలు నిండా మనుషులు. ఒక్కడు లేవలేదు. సినిమా కూడా ఆగలేదు. టాంగా కుర్రాడు నా చిరుగుకు అటు సగం ఇటు సగంగా చచ్చిపోతుంటే ముందు వరసలో కొందరు కళ్ళు తుడుచుకున్నారు.

పోలీసులు నన్ను మడతపెట్టి కోర్టుకు తెచ్చారు. హాల్లో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే బోనెక్కారు. "సినిమా చూస్తున్నం సారూ. మాకేం కానరాలె," అన్నారు. జమీందారు ఏ చేత్తో తుపాకి పట్టాడో అడిగితే మాత్రం టక్కున చెప్పేవాళ్ళే అందరూ! నీలమ్మ ఒక్కతే వేలెత్తి చూపింది. "గీడే సారూ. మా అన్ననే." బస్వరాజు వకీలు జాలిగా తలూపాడు. తెర వెనక చీకటి, ఎదురుగా సినిమా. బొమ్మలో అన్న చేసిందే ఈ పిల్ల కళ్ళలో నిలిచిపోయి, సినిమానీ నిజాన్నీ కలిపేసుకుంటోంది అన్నాడు. జడ్జి ఒప్పుకున్నాడు. నాకే గనక నోరుంటే!

నీలమ్మ జనం వైపు తిరిగింది. "టాంగా పిల్లగాడు సస్తే ఏటేటా ఏడుస్తరు గద. నా మాణిక్ సస్తే మీకు కానరాలేదా?"



ఇప్పుడు కోర్టు సామాన్ల గదిలో, తుప్పుకత్తుల పక్కన నన్ను ఎలుకలు కొరుకుతున్నాయి. టాకీసులో కొత్త తెర కట్టి ఆ సినిమా మళ్ళీ వేశారని బంట్రోతులు చెప్పుకుంటుంటే విన్నాను. కేసు కొట్టేసిన సాయంత్రమే బస్వరాజు ఫస్ట్ షోకి వెళ్ళాడట. టాంగా కుర్రాడు చచ్చిపోయే చోట వెక్కివెక్కి ఏడ్చాడట. పక్క సీటాయన వీపు నిమిరి, "ఊకో బస్వరాజన్నా, సినిమానే గద," అన్నాడట.