లారీ ముడి

ఇంటి ముందు తెల్ల కారు పెట్టమన్నారు. హేమ్లి పెట్టింది. కారు పక్కన కొబ్బరిచెట్టు, బాల్కనీకి గాజు రెయిలింగు, దాని వెనక పూలకుండీలు, పైన నీలం ఆకాశంలో రెండు మబ్బులు. ఈ ఇంటివాళ్లకు కారు లేదు, కొబ్బరిచెట్టు వేసే జాగా అసలే లేదు. అయినా త్రీడీ బొమ్మలో అన్నీ ఉండాలి. ఖమ్మంలో ఇల్లు కట్టుకునే ప్రతివాడూ ముందు ఆ బొమ్మను ఫ్లెక్సీ చేయించి, పునాది గుంత పక్కన కట్టుకుని మురిసిపోతాడు. ఫ్లెక్సీ కింద ఇంజనీరు నాగరాజు పేరూ, ఫోన్ నంబరూ ఉంటాయి. బొమ్మ గీసిన మనిషి పేరు ఉండదు. ఉండాలని ఎవరికీ తోచలేదు కూడా.

తెర మీద ఇల్లు చిన్న చిన్న గళ్లుగా తేలుతోంది. ఆఫీసులో ఉన్న ఆ కంప్యూటర్ ముసలిది. ఒక్క బొమ్మ పూర్తి చేయడానికి పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం దాకా రొప్పుతుంది. మూత తీసేసి టేబుల్ ఫ్యాను దానివైపు తిప్పి పెట్టారు. ఆ గాలి కంప్యూటర్‌కే, హేమ్లికి కాదు. ఇంకొన్ని గళ్లు మిగిలాయనగా టప్పున అంతా ఆరిపోయింది.

నాగరాజు మెయిన్ దించాడు. ఆయన గడప దాటితే మెయిన్ దించుతాడు, అదొక జబ్బు.

"సైటుకు పోతున్న హేమలతా. వానలకు షార్ట్ సర్క్యూట్ అయితదని దించిన" అన్నాడు గొడుగు వెతుక్కుంటూ.

"బొమ్మ నడుస్తుంది సార్. అయిపోవొచ్చింది."

"మళ్ల పెట్టుకో. దానికేముంది, బటన్ నొక్కుడే గద."

బటన్ నొక్కుడే! పెళ్లి పెటాకులై మొగుణ్ణి వదిలి వచ్చిన ఏడాది నుంచి హేమ్లి ఈ కుర్చీలోనే కూర్చుంది. జుట్టు చెవుల పక్కన తెల్లబడింది. కుడి మణికట్టుకు గుడ్డ చుట్టుకుని మౌసు పట్టుకుంటోంది. ఊళ్లో సగం కొత్త ఇళ్ల మొహాలు ఆ చేతి కింద పుట్టినవే. ఆయనకు మాత్రం అదంతా బటన్ నొక్కుడు.

"ఈ పూట నేను రాను సార్. నిన్ననే చెప్పిన. కంప్యూటర్ కొనుక్కుంటున్న."

నాగరాజు నవ్వాడు. "ఇంట్ల కంప్యూటర్ ఎందుకు నీకు? ఆఫీసుల ఉంది గద."

నోరు తెరిస్తే ఏమొస్తుందో హేమ్లికి తెలుసు. అందుకని చెప్పులేసుకుని మెట్లు దిగింది.

సన్నగా వాన పడుతోంది. మెట్ల కింద నిలబడి తమ్ముడికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగింది. పొద్దున్నుంచి ఇదే వరస.

కోటేష్ భద్రాచలం అవతల, అడవి అంచున పెళ్లాం పూలి వాళ్ల తండాలో ఉంటాడు. ఇసుక లారీ తోలుతాడు. లారీ వాడిది కాదు, ఇసుక వాడిది కాదు, కేసు పెడితే మాత్రం వాడి మీదే. సొంతంగా కంప్యూటర్ కట్టుకుందామన్న ఆలోచన హేమ్లిదే అయినా, సగం వాడు లాక్కున్నాడు. పగలు అక్క ఇళ్లు గీసుకోవాలి. ఖమ్మం వచ్చినప్పుడల్లా వాడు దాని మీద లారీ గేమ్ ఆడుకోవాలి. "ఓనర్ లేకుంట, పోలీసు లేకుంట ఒక్కసారన్న లారీ తోలాలె అక్కా" అనేవాడు.

ఏ భాగం ఏది కొనాలన్నదాని మీద ఇద్దరూ ఏడాదిగా ఫోన్లో కొట్లాడుకుంటున్నారు. ఆమెకు మెమరీ ఎక్కువ కావాలి; చెట్లు, కార్లు, మబ్బులు అన్నీ పెడితే మెమరీ నిండి మిషన్ చచ్చిపోతుంది. వాడికి పెద్ద గ్రాఫిక్స్ కార్డు కావాలి. లేకపోతే రోడ్డు పక్క చెట్లు ముద్దముద్దగా కనిపిస్తాయట. రెండూ పెద్దవి కొనే తాహతు ఇద్దరికీ లేదు. ఇక క్యాబినెట్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆమె నల్ల రేకు డబ్బా చాలంది. వాడు ఒక పక్క గాజు, లోపల రంగురంగుల లైట్లు తిరిగే ఫ్యాన్లు ఉన్నది కావాలన్నాడు.

"కంప్యూటరా, పెళ్లి పందిరా?" అని ఆమె తిట్టింది.

"నా లారీకి లైట్లుంటయి, నీ డబ్బాకు ఉండొద్దా? క్యాబినెట్ నేను కొంట. నువ్వు నోర్మూసుకో" అన్నాడు.

కొన్నాడు కూడా. ఇవాళ దాన్ని భుజాన వేసుకుని వస్తానన్నాడు. ఇద్దరూ షాపుకు పోవాలి, సాయంత్రం హేమ్లి ఇంట్లో కింద చాప వేసుకుని అన్నీ బిగించుకోవాలి. తీరా నిన్న సాయంత్రం ఫోన్ చేసి, "జరం తగ్గలే అక్కా. డబ్బా పార్సిల్ ఏసిన. బస్టాండు కాడ తీస్కో" అన్నాడు.

హేమ్లికి అరికాలి మంట నెత్తికెక్కింది. వాడి జ్వరాలు ఆమెకు కొత్త కాదు. కుసుమంచి పక్క తండాలో బడికి పోయే రోజుల నుంచీ, పని పడ్డప్పుడల్లా వాడికి జ్వరమొచ్చేది. మిరప చేనుకు నీళ్లు పెట్టమంటే జ్వరం, బడిలో లెక్క అప్పజెప్పమంటే జ్వరం. వాడి వంతు పనులు అన్నీ ఆమె మీదే పడేవి.

"దవాఖానకు పోయినవా?"

"ఊర్లె ఆరెంపీ గ్లూకోస్ పెట్టిండు. తగ్గుతది."

"నీ జరం నాకు కొత్తనా? ఏడాది సంది ఎదురుచూసిన. రాకుంటే మానె, ఇగ నాకు ఫోన్ చెయ్యకు" అని పెట్టేసింది. ఇప్పుడు నిజంగానే ఎత్తడం లేదు. మాట అంటే ఎంత పౌరుషం దొరగారికి!

వైరా రోడ్డులో షాపు. అద్దాల వెనక కూర్చున్న శ్రీను ఆమె చెప్పినవన్నీ విని, నవ్వుతూ అడిగాడు.

"బాబు ఏం చదువుతుండు మేడం?"

"ఏ బాబు?"

"అదే... గేమింగ్ కార్డు అంటున్నరు గద."

"నాకు బాబు లేడు. కంప్యూటర్ నాకు. గేమ్ కూడ నేనే ఆడుత. అభ్యంతరమా?"

శ్రీను నవ్వు ఆపి ప్రాసెసర్ డబ్బా తెచ్చాడు. దాని మీద తగాదా లేదు. మదర్‌బోర్డు మీదా లేదు. పవర్ సప్లై దగ్గర మాత్రం వాడు చవకది ముందు పెట్టి, "ఇది లోపలుంటది మేడం. బయటికి కనపడేదానికి పెట్టున్రి పైసలు" అన్నాడు.

"కనపడనిదాని మీదనే అంతా నడుస్తది. మంచిది తియ్యి" అంది హేమ్లి. గొంతు కొంచెం పెద్దదైంది. పక్కన మౌసులు చూసుకుంటున్న ఇద్దరు తలలు తిప్పారు. చూస్తే చూడనీ. ఇన్నేళ్లలో ఆమె తనకోసం దేన్నీ గట్టిగా అడగలేదు, అడిగిన మొదటిరోజు గొంతు పెద్దదవదా?

మెమరీ, కార్డు మిగిలాయి. తమ్ముడు పక్కన లేడు. వాదించేవాడు లేనప్పుడు గెలుపు ఎంత సుఖం! "మెమరీ పెద్దది. కార్డు చిన్నది" అంది. శ్రీను బిల్లు కొట్టబోయాడు. ఆమె ఇంకోసారి ఫోన్ చేసింది. మోగింది, ఆగింది.

ఎత్తకు. చచ్చినా ఎత్తకు. ఎత్తకపోతే నాకేం? అనుకుంటూనే ఆమె కౌంటర్ మీద చిన్న కార్డు డబ్బాను చేత్తో వెనక్కి తోసింది.

"పెద్ద కార్డే ఇయ్యి. మెమరీ సగం తగ్గియ్యి."

"ఇప్పుడే గద మేడం, మీరే..."

"చెప్పిన. మార్చిన. మెమరీ ఎనకసిరి ఏసుకోవచ్చు. వాడు అడిగింది ఇదొక్కటే, సన్నాసి."

సన్నాసి ఎవరో శ్రీను అడగలేదు. అడిగే ధైర్యం అప్పటికే పోయింది.

సంచుల నిండా డబ్బాలు పెట్టుకుని షేర్ ఆటోలో బస్టాండుకు పోయింది. పార్సిల్ కౌంటర్ జాలీ వెనక, మిరప బస్తాల పక్కన, తన డబ్బా కనిపించింది. దూరం నుంచే గుర్తుపట్టింది. చుట్టూ పచ్చ నైలాన్ తాడు, నాలుగు వైపులా లారీ ముడులు. కోటేష్ దేన్నయినా అట్లాగే కడతాడు. ఆమె ఖానాపురం హవేలిలో గది కిరాయికి తీసుకుని సామాను మార్చిన రోజు మంచాన్నీ, బియ్యం డబ్బానూ, ఆఖరికి చీపురు కట్టనూ అదే ముడితో కట్టాడు. ఒక కొస లాగితే మొత్తం జారిపోతుంది. ఆ కొస ఏదో వాడికే తెలుసు. నేర్పమంటే నేర్పడు. "నేనొచ్చి ఇప్పుత గద" అంటాడు.

"పేరు?" అన్నాడు కౌంటర్ మనిషి.

"హేమ్లి."

"ఆధార్ చూపియ్యున్రి."

చూపించింది. అతను కార్డునూ డబ్బానూ మార్చి మార్చి చూశాడు. "దీంట్ల హేమలత అని ఉంది. పార్సిల్ హేమ్లి పేరు మీదుంది. వేరే ఆమె ఇది."

"వేరే ఆమె ఎవరు? నేనే."

"మాకెట్ల తెలుస్తదమ్మా?"

బడిలో చేరిన రోజు సారు హేమ్లి అనేది పేరే కాదన్నాడు. ఆయనకు నచ్చిన పేరు రాసుకున్నాడు. తండాలో సగంమంది ఆడపిల్లలకు అట్లా రెండేసి పేర్లు వచ్చిపడ్డాయి. కాగితాల మీద ఒకటి, కన్నవాళ్ల నోట్లో ఒకటి. యాడి, అంటే అమ్మ, బతికున్నంతకాలం హేమలత అని పలకలేకపోయింది. కోటేష్ పలకగలడు, పలకడు. పార్సిల్ మీద మార్కర్‌తో పెద్ద అక్షరాల్లో హేమ్లి అని రాశాడు, ఆధార్ ఉంటుందని ఆలోచన లేకుండా.

"నా తమ్ముడు పంపిండు. నా పేరు నాకు తెల్వదా? మీ కాగితం చెప్తదా?"

"అరవకున్రి. పంపినాయనతోటి ఫోన్ చేపియ్యున్రి. ఆయన చెప్తే ఇచ్చేస్త."

మళ్లీ ఫోన్. ఈసారి రెండు మోతలకే ఎత్తారు. హలో అనే దాకా కూడా హేమ్లి ఆగలేదు. పొద్దున్నుంచి పళ్ల కింద నొక్కిపెట్టినదంతా ఒక్కసారి బయటికి వచ్చింది.

"ఇప్పుడు దొరికిందా టైము? నువ్వు రావు, పార్సిల్ పంపుతవు, పేరు సక్కగ రాయవు. గిట్ల అందరి ముందల నన్ను నిలబెడుతున్నవ్. ఇగో, ఈయనకు చెప్పు నేనెవరో!" అని ఫోన్‌ను జాలీ సందులోంచి తోసేసింది.

కౌంటర్ మనిషి చెవి దగ్గర పెట్టుకున్నాడు. "అవ్, పార్సిల్ ఆఫీసు నుంచి. పంపినాయన ఉన్నడా?" అన్నాడు. వింటూ వింటూ కుర్చీలో కూర్చున్నాడు. కళ్లెత్తి హేమ్లి వైపు చూసి, వెంటనే దించుకున్నాడు. "సరే అమ్మా... ఆమె ఈడనే ఉంది... సరే" అన్నాడు.

హేమ్లి గెలిచాననుకుంది. ఆధార్ కార్డు బ్యాగులో పెట్టుకుంటూ, "ఇప్పుడు తెలిసిందా?" అంది.

అతను డబ్బాను తనే రెండు చేతుల్తో ఎత్తి, పక్క తలుపు తీసుకుని బయటికొచ్చి, ఆమె కాళ్ల దగ్గర మెల్లగా దించాడు. సంతకం అడగలేదు. ఫోన్ ఆమె చేతికిచ్చాడు.

"మీ మరదలమ్మా. మీరు మాట్లాడున్రి" అన్నాడు.

ఫోన్లో పూలి ఏడుస్తోంది. పొద్దున లేపితే లేవలేదట. ఆటోలో వేసుకుని భద్రాచలం పెద్ద దవాఖానకు తెచ్చేసరికి అయిపోయిందట. ఫోన్ వాడి అంగీ జేబులోనే ఉండిపోయిందట.

హేమ్లి ఆ సాయంత్రమే భద్రాచలం బస్సెక్కింది. డబ్బానూ సంచులనూ కౌంటర్ మనిషే తన గదిలో పెట్టుకున్నాడు. తండాలో ఆమె ఏడవలేదని ఆడవాళ్లు చెవులు కొరుక్కున్నారు. ఆమె ఏడుపు కోపంలోనే ఇరుక్కుపోయింది. గ్లూకోస్ ఎక్కించి రక్తపరీక్షకు పంపని ఆరెంపీ మీద కోపం. జ్వరంతో కూడా ట్రిప్పు మానొద్దన్న లారీ ఓనరు మీద కోపం. నిజంగా జ్వరమొచ్చినప్పుడు కూడా ఎప్పటిలాగే చెప్పిన తమ్ముడి మీద అందరికన్నా ఎక్కువ కోపం. దానికన్నా ఎక్కువ ఇంకొకరి మీద ఉంది, ఆ మనిషికి కాగితాల మీద ఒక పేరు, ఇంట్లో ఒక పేరు.

తిరిగొచ్చాక బస్టాండులో డబ్బానూ సంచులనూ తీసుకుని ఇంటికి చేరి, నాగరాజుకు ఫోన్ చేసి, ఇక రానని చెప్పింది. "అయ్యో, ఎందుకు?" అని, ఆ వెంటనే, "కంప్యూటర్ పాస్‌వర్డ్ ఏంది?" అని అడిగాడు. చెప్పి పెట్టేసింది.

మదర్‌బోర్డును దాని అట్టడబ్బా మీదే పరిచి, ప్రాసెసర్, మెమరీ, పెద్ద కార్డు ఒక్కొక్కటే తనే బిగించింది. రేకు లేదు, గాజు లేదు. అన్నీ బయటికే, టేబుల్ మీద. సాఫ్ట్‌వేర్ ఎక్కించిపోయిన శ్రీను, ఎట్లా నడుస్తోందో చూడడానికి మళ్లీ ఇంటికొచ్చాడు. తెర మీద మొదటి బొమ్మ తేలుతోంది: ఒక తండా ఇల్లు, ముందు తెల్ల కారు కాకుండా లారీ. శ్రీను బొమ్మనూ, విప్పేసినట్టున్న మిషన్‌నూ, టేబుల్ కిందనున్న డబ్బానూ చూశాడు.

"గిట్ల ఉంటే దుమ్ము పడుతది మేడం. క్యాబినెట్ ఉంది గద, తాడు కోసి ఎక్కించనా?"

"దాన్ని ముట్టుకోకు" అంది హేమ్లి. వాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

టేబుల్ కింద పచ్చ నైలాన్ తాడు బిగుతుగా అట్లాగే ఉంది, నాలుగు వైపులా నాలుగు ముడులతో.