బాల్కనీలో పొయ్యి

ఎడారి దేశపు దార్సైట్‌లో పొద్దు గుంకినా కొండ చల్లారదు.

పగలంతా తాగిన ఎండను నల్లరాయి మెల్లగా వదులుతుంది... కిటికీల మీదికి, గోడల మీదికి, హాల్లో పడుకునేవాళ్ల వీపుల మీదికి.

హాల్లో పడుకునేది రజిత, ఆమె పెనిమిటి లింబాద్రి, కూతురు సింధూజ.

ఏసీ ఉన్న గది లింబాద్రి వాళ్ల అన్నయ్యది.

వీసా ఇచ్చింది ఆయనే. అందుకే ముగ్గురి పాస్‌పోర్టులూ ఆయన బీరువాలో. లింబాద్రి జీతం వదిన ముత్తవ్వ చేతిలో. కూర ఏదో చెప్పేదీ ముత్తవ్వే.

వండేది రజిత.

చివర తినేదీ రజితే.

రేపు బడిలో సింధూజ మాట్లాడాలి — పరాయి ఏలుబడిలో ఉన్న దేశం ఎందుకు విడిపోవచ్చో.

"ఏలే రాజు ఆ దేశపోళ్లను కాపాడిండు గదమ్మా. మరి విడిపోవుడెందుకు?"

చేప పొలుసు తీస్తున్న రజిత కత్తి ఆగింది.

"కాపాడుడు వేరు, కట్టేసుడు వేరు. రాసుకో."

సింధూజ ఇంగ్లీషులోకి మార్చుకుని రాసుకుంది.

"మన కష్టం వాళ్ల డబ్బాల పడుతది. మన నోటికి తాళం. అడిగినం. మళ్లడిగినం. ఓర్చుకున్నం... ఓర్చుకున్నకొద్దీ అది వాళ్ల హక్కయింది."

వేడిగాలి కిటికీని తోసింది.

గుమ్మంలో ముత్తవ్వ.

"ఏ దేశం ముచ్చటనే చెల్లె?"

"చేపలు తోమే దేశం ముచ్చట, అక్కా."

"వీసా ఎవలిచ్చిండ్రో గూడ రాయమను. అది కాన్సిల్ అయితే ఆ దేశం ఏ ఇమానం ఎక్కుతదో గూడ."

"రాస్తది. ఇచ్చింది పొద్దుకోసారి ఎత్తిపొడిస్తే అది ఇచ్చినట్టు గాదక్కా — అమ్మినట్టు."

రజిత కత్తి కడిగింది.

"ఇయ్యాల్టి సంది మా పొయ్యి వేరు."

కిరసనాయిలు స్టవ్వు బాల్కనీలోకి వెళ్లింది. చేపల గిన్నె వెళ్లింది. ఉప్పు, కారం, చింతపండు వెళ్లాయి.

కింద, ఘాలాలోని పనిచోటు నుంచి వచ్చిన కంపెనీ బస్సు ఆగింది.

లింబాద్రి వచ్చాడు. ఒంటి నిండా సిమెంటు దుమ్ము.

లోపల ముత్తవ్వ కంచం పెట్టింది. ఇన్నేళ్లలో మొదటిసారి, తన చేత్తో.

"రా మరిదీ. అన్న పిలుస్తుండు."

బాల్కనీలో రజిత పులుసు కలుపుతోంది. పిలవలేదు. తిరిగి చూడలేదు.

ఎటు వస్తావని ఈసారి అడగదు.

లింబాద్రి బూట్లు విప్పలేదు, గడపలోనే నిలబడ్డాడు.

తెరిచిన గదిలోంచి ఏసీ గాలి ముఖానికి తగిలింది.

వీపు మీద కొండ... ఇంకా వేడిగా, ఇంకా ఊపిరి వదులుతూ.