అత్తగారి ఆవూ, ఆఖరి బంతీ

నేను అంపైర్ని. ముప్పై ఏళ్ళుగా జనం చేత తిట్లు తింటున్నాను. పిల్ల తండ్రికి ఇవ్వాల్సిన ఓలి మాట్లాడటానికి బత్సిరాయి నన్ను రాయబారిగా ఎంచుకున్నది కూడా అందుకే. మా హరారేలో పెళ్ళికొడుకు అమ్మాయి ఇంట్లో నోరు విప్పకూడదు. అతని తరఫున రాయబారి వెళ్ళి, నేల మీద చతికిలబడి, వినయంగా చప్పట్లు కొట్టి, వాళ్ళు పెట్టిన చీవాట్లన్నీ తిని, అమ్మాయికి ఓలి ఎంతో తేల్చుకుని రావాలి. తోలు మందంగా ఉన్నవాడికి తప్ప ఆ పని అప్పజెప్పరు.

బత్సిరాయి ఎడమచేతి స్పిన్నర్. వాళ్ళ నాన్న నా స్నేహితుడు, ఇప్పుడు లేడు. వాడికి పదమూడేళ్ళప్పుడు మా పేట గ్లెన్ నోరా క్లబ్బులో వాడి మొదటి నోబాల్ ప్రకటించింది నేనే. ఇప్పుడు వాడు దేశదేశాల లీగుల్లో ఆడతాడు. జనవరిలో ఎడారి దేశం, మార్చిలో ఏదో దీవి, జులైలో మంచు దేశం. వాడి సూట్‌కేసు అడుగు చూసి నాలుగేళ్ళయింది. ఇంత తిరిగినా ప్రేమించింది మాత్రం పక్క వీధి పిల్లని. నెత్సాయి, ఆసుపత్రి లాబులో రక్తపరీక్షలు చేస్తుంది. ఫలానా రోజున వీడు ఏ దేశంలో ఉన్నాడో తడుముకోకుండా చెప్పగలిగేది ఆ పిల్లే. వీడి ఏజెంటు కూడా చెప్పలేడు.

చిక్కంతా పిల్ల తండ్రితో వచ్చింది. జిందోగా గారు ధాన్యం డిపోలో ముప్పై ఏళ్ళు లారీలు తూచే కాటా గుమాస్తాగా చేసి దిగిపోయాడు. లారీ డ్రైవరు చెప్పిన బరువు ఒక్కనాడు కూడా నమ్మిన మనిషి కాదు.

శనివారం పొద్దున వాళ్ళ ముందుగదిలో నేల మీద కూర్చున్నాను. ఆయన సోఫాలో, భార్య ఓ మూల స్టూలు మీద, నెత్సాయి మేనత్త ఎస్నాత్ మధ్యలో. కొయ్య పళ్ళెం నా ముందుంది. వాళ్ళు నోరు తెరిచి నాతో మాట్లాడాలంటే ముందు పళ్ళెంలో ఇరవై డాలర్లు వెయ్యాలి, వేశాను.

"టోపీ తియ్యలేదు. పది జరిమానా," అంది మేనత్త.

అంపైరు టోపీ, తల మీద ఉందన్న సంగతే మర్చిపోయాను. తీసి పది వేశాను. ఆ తరువాత బత్సిరాయి పంపిన మూడు వేలు లెక్కపెట్టి పళ్ళెంలో పేర్చాను.

జిందోగా గారు డబ్బు వంక చూడలేదు. సోఫా కింద నుంచి ఒక ఫైలు తీశాడు. నాలుగేళ్ళ పేపరు ముక్కలు, తేదీల వారీగా అంటించినవి.

"షుంబా," అన్నాడు. మా ఇంటి గుర్తు సింహం, మర్యాదగా పిలవాలంటే అలాగే పిలుస్తారు. "ఎడారి జట్టు, ముప్పై ఐదు వేలకి కొన్నది. దీవి జట్టు, ఇరవై ఎనిమిది. మంచు దేశం, నలభై. మన హరారే లీగులో హార్న్‌బిల్స్, ముప్పై నాలుగు. మొత్తం లక్షా ముప్పై ఏడు వేల డాలర్లు. మీవాడు నాకు పంపింది మూడు వేలు. నాకు కూడికలు రావనుకున్నాడా?"

"అయ్యగారూ, అవి వాణ్ణి కొన్న ధరలండి. వాడి చేతికొచ్చింది కాదు."

"తేడా ఏంటి?"

"వేలంలో ఎద్దుని కొన్నవాడు డబ్బు ఎద్దు చేతికిస్తాడా అండి?"

"కాబోయే అల్లుణ్ణి ఎద్దన్నాడు. పది," అంది మేనత్త.

పది వేసి, చెప్పడం మొదలుపెట్టాను. ఎడారి జట్టు సగంలోనే మూతపడింది, దాని యజమాని నంబరుకి ఫోను చేస్తే ఇప్పుడు ఎవరో బ్యూటీపార్లరు వాళ్ళు ఎత్తుతున్నారు. దీవిలో ఆడిన మ్యాచ్‌కే డబ్బు. ఎనిమిదిట్లో ఆరింటికి వీడు బెంచీ మీద కూర్చుని నీళ్ళ సీసాలు మోశాడు. మంచు దేశం వాళ్ళు పెద్దమనుషులు, పైసాతో సహా ఇచ్చారు. అందులో పన్ను పోయింది, ఏజెంటు కమిషను పోయింది, వెళ్ళి ఆడుకోమని కాగితం మీద సంతకం పెట్టినందుకు ఇక్కడి బోర్డు పెద్దల వాటా పోయింది. మిగిలినదాంతో వాళ్ళమ్మ ఇంటికి పైకప్పు వేయించాడు. ఇక మన ఊరి హార్న్‌బిల్స్ మూడు వాయిదాల్లో ఇస్తామన్నారు. మొదటిది ఇచ్చారు. రెండోది సగం ఆటలయ్యాక అన్నారు, అయ్యాయి, రాలేదు. మూడోది ఆటలన్నీ ముగిశాకట. ముగిశాక ఎన్నాళ్ళకో కాంట్రాక్టులో ఎక్కడా లేదు. యజమాని ఎలా ఉంటాడో స్టేడియం గేటు మీది ఫ్లెక్సీలో చూడటమే తప్ప ఎదురుగా చూసినవాడు లేడు.

"ఇంత మందీ, ఇన్ని దేశాల్లో, ఒకే కుర్రాడికి ఎగ్గొట్టారా?" అన్నాడు జిందోగా గారు.

"అందరికీ ఎగ్గొట్టారండి. మీరు వీడి ఒక్కడి ఫైలే పెట్టారు."

"పది," అంది మేనత్త. ఈసారి ఎందుకో చెప్పలేదు.

ఆయన ఫైలు మూశాడు. కోపంగా లేడు. అందుకే నాకు భయం వేసింది.

"షుంబా, నాకు డబ్బు మీద ఆశ లేదు. వెయ్యి ఉందని చెప్పి వెయ్యి పెడితే కళ్ళకద్దుకునేవాణ్ణి. ఓలి పళ్ళెం దగ్గరే దాచేవాడు రేపు కాపురంలో ఏం దాస్తాడో ఎవరు చూశారు? రేపు సాయంత్రం రా. నిజం లెక్క పట్టుకురా. లేదంటే ఈ గడప ఇంక తొక్కొద్దు."

అప్పటిదాకా పలకని తల్లి ఒక్క మాటంది. "నా ఆవు సంగతి కూడా."

అది ఎవరూ కాదనలేనిది. మిగతాదంతా నోట్లుగా ఇవ్వచ్చు, పదేళ్ళు బాకీ ఉంచచ్చు, అసలు మొత్తం ఒకేసారి ఇచ్చేస్తేనే తప్పు, ఇక మీతో చుట్టరికం అక్కర్లేదన్నట్టు. పిల్లని కన్నతల్లికి మాత్రం ఆవే ఇవ్వాలి. అది బతికున్నదై, తన నాలుగు కాళ్ళ మీద నడిచి రావాలి.

గేటు దగ్గర నెత్సాయి నన్ను ఆపింది.

"బాబాయ్, నాన్న ఒకసారి వద్దంటే ఇంక వద్దే. మంగళవారం అతను మళ్ళీ విమానం ఎక్కేస్తాడు. ఎదిరించి వెళ్ళిపోదాం అంటాడు అతను. నా వల్ల కాదు. మా నాన్న మొహం చూడకుండా నేను బతకలేను."

"నిజమే చెప్పానమ్మా."

"నాకు తెలుసు. ఆయనకి తెలియాలి కదా."

ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి ఇంటికొచ్చాను. ఇరవై రెండు మంది అరుస్తున్నా చలించని వాణ్ణి, ఆ రాత్రి నిద్రపోకుండా బత్సిరాయి లెక్కలన్నీ మళ్ళీ కూడాను, మూడు వేలే తేలాయి.

మర్నాడు ఆదివారం, లీగు ఫైనల్. హార్న్‌బిల్స్‌కీ కరీబా టైగర్‌ఫిష్‌కీ పోటీ. నేను నిలబడాల్సింది కాదు. నిలబడాల్సిన విదేశీ అంపైరు తనకి రావలసిన డబ్బు సంగతి అర్థమై శుక్రవారమే విమానం ఎక్కేశాడు. రిఫరీ దగ్గరికి వెళ్ళి, హార్న్‌బిల్స్ స్పిన్నర్‌కి నేను పెళ్ళి రాయబారినని చెప్పేశాను.

"ఈ ఊళ్ళో ఎవడికీ బాబాయి కాని అంపైర్ని చూపించు, నిన్ను మార్చేస్తా," అన్నాడాయన.

బౌండరీ పక్కన, కొమ్ములకి పసుపు రిబ్బను కట్టి ఒక పెయ్యని నిలబెట్టారు. గోధుమరంగు ఒళ్ళు, నుదుటి మీద తెల్లమచ్చ. దాణా కంపెనీ వాళ్ళ బహుమతి, ఫైనల్లో మేటి ఆటగాడికట. తలెత్తి చూస్తే స్టాండు మూడో వరుసలో నెత్సాయి తల్లి, పక్కన మేనత్త, మధ్యలో మొక్కజొన్న పేలాల పొట్లం. ఆవిడ ఆటని చూడటంలేదు. పెయ్యని, ముఖ్యంగా దాని నడుముని చూస్తోంది.

బత్సిరాయి టాస్ అయ్యాక నా పక్కనుంచి వెళ్తూ, "బాబాయ్, మా అత్తగారి ఆవు," అన్నాడు.

"బంతి వెయ్యి, పో," అన్నాను.

వాడు ఆ రోజు చాలా బాగా వేశాడు. మొదటి ఓవర్లో మూడు వికెట్లు తీశాడు. పది ఓవర్ల ఆటలో బౌలరుకి రెండే ఓవర్లు కదా, రెండోది ఆఖరి ఓవరే అయింది. చివరి బంతికి టైగర్‌ఫిష్‌కి ఒక్క పరుగు కావాలి. క్రీజులో డెక్లన్ అనే ఐర్లండు కుర్రాడు, నలభై ఆరు మీదున్నాడు. వీడు అతన్ని తీస్తే ఆట టై అవుతుంది, నాలుగు వికెట్లతో పెయ్య వీడిదే. అతను పరుగు తీస్తే కప్పూ పెయ్యా రెండూ అటే.

రివ్యూ లేదు. ఆ యంత్రాలు అద్దెకిచ్చినవాడు సెమీఫైనల్ రోజే వచ్చి విప్పుకుపోయాడు. నేను ఏం చెబితే అదే.

బత్సిరాయి ఓవర్ ద వికెట్ వచ్చి వేశాడు. డెక్లన్ వంగి స్వీప్ కొట్టబోయాడు, తగల్లేదు. బంతి ప్యాడ్‌కి తగిలింది. పదకొండు మందీ నా మీదికి తిరిగి అరిచారు. బత్సిరాయి మాత్రం అరవలేదు, రెండు చేతులూ చాచి మోకాళ్ళ మీద కూలబడి, నా కళ్ళలోకి చూశాడు.

ఉన్నమాట చెబుతాను. నా చూపుడువేలు కదిలింది. మూడో వరుస కనిపించింది, నిన్న గేటు దగ్గర నన్ను ఆపిన నెత్సాయి కళ్ళ ముందు మెదిలింది, బత్సిరాయి నాన్న బతికుండగా నాతో తాగిన బీరు కూడా గుర్తొచ్చింది. కానీ బంతి లెగ్ స్టంప్ బయట పడింది. నాలుగు వేళ్ళ దూరం. అక్కడ పడ్డది తరువాత ఎటు తిరిగినా అవుట్ కాదు. అది సరిగ్గా కనపడేది నేను నిలబడ్డ చోటి నుంచే. నేను తప్పు చెబితే మైదానంలో ఎవరికీ తెలియదు. నాకు తెలుస్తుంది, అదే నా ఖర్మ.

"నాటౌట్," అన్నాను.

ఈలోపు వాళ్ళు పరుగు తీసేశారు. నేను ఒక కాలెత్తి మోకాలు తట్టి లెగ్ బై చూపించాను. ఆ ఒంటికాలి మీద ఉన్నంతసేపూ స్టేడియమంతా మా అమ్మని తలుచుకుంది. బత్సిరాయి లేచి, ఓవరు ముందు నాకిచ్చిన తన టోపీ నా చేతిలోంచి లాక్కుని పోయాడు.

డెక్లన్‌ని పెయ్య పక్కన నిలబెట్టి ఫోటోలు తీశారు. ఫోటోలవగానే ఒక పికప్ వచ్చింది. ఇద్దరు దిగి, రిబ్బను విప్పి, పెయ్యని ఎక్కించుకుని వెళ్ళిపోయారు. డెక్లన్ చేతిలో ఆవు బొమ్మ వేసిన అట్ట ఒకటి మిగిలింది.

"అంపైర్, నా ఆవేది?" అన్నాడు నా దగ్గరికొచ్చి.

అట్ట తిప్పి చూశాను. తొంభై రోజుల్లో అందజేయబడును అని ఉంది. "మేమందరం దాని కోసమే చూస్తున్నాం, బాబూ," అన్నాను.

సాయంత్రం జిందోగా గారింటికి ఈసారి టోపీ తీసేసి వెళ్ళాను. బత్సిరాయి నాకు నాలుగడుగులు ఎడంగా నడిచొచ్చి గేటు బయట నిలబడ్డాడు. లోపల అదే సోఫా, అదే స్టూలు, అదే పళ్ళెం. కొత్త లెక్క నా దగ్గరేం లేదు. చేతులు ముడుచుకుని కూర్చుని, ఇంక పొమ్మంటారని ఎదురుచూశాను.

జిందోగా గారి చేతిలో ఫోనూ, స్కూలు పిల్లల స్కేలూ ఉన్నాయి.

"ఇందులో ఆ బంతిని మళ్ళీ మళ్ళీ చూపిస్తున్నారు. పదకొండుసార్లు చూశాను," అన్నాడు. "స్కేలు పెట్టి కొలిచాను. బయటే పడింది."

"అవునండి."

"నీ వేలు కొంచెం లేచింది."

నేను తలొంచుకున్నాను. "లేచిందండి."

"మళ్ళీ దించావు. కాటా దగ్గర ముప్పై ఏళ్ళు కూర్చున్నాను, షుంబా. డ్రైవర్లు బైబిలు మీద ఒట్టేసి అబద్ధాలాడారు. నా లారీలో సరుకు తక్కువుందని తనంతట తనొచ్చి చెప్పినవాణ్ణి ఒక్కణ్ణి చూడలేదు. ఇవాళ చూశాను." ఆయన ఫైలు తీసి నా చేతిలో పెట్టాడు. "నువ్వు మూడు వేలే అంటే మూడు వేలే. మిగతాది వాడికి ముట్టినప్పుడు చూద్దాం. పిల్లని పిలవండి."

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ముప్పై ఏళ్ళ అంపైరింగులో నా మాట నిజమని ఒకరు నా మొహం మీద చెప్పడం అదే మొదలు.

నెత్సాయి వచ్చింది. ఈ మనుషులు నీకు తెలుసా అని మేనత్త ఆచారం ప్రకారం అడిగింది. తెలుసంది. పళ్ళెంలోంచి నీకు కావలసింది తీసుకోమంటే, ఈ సంబంధం ఇష్టమేనన్న గుర్తుగా వంగి ఒక్క ఇరవై నోటు తీసుకుంది.

"మరి అమ్మగారి ఆవు," అన్నాను, ఆ మాట నేనే అనడం మర్యాద కాబట్టి.

"నిదానంగా తెమ్మను, కాళ్ళున్నదాన్ని," అందావిడ. "ఆ లీగు ఆవు నాకొద్దు. ముందు తల పంపిస్తారు, సగం ఆటలయ్యాక నడుము పంపిస్తారు, తోక కోసం నేను చచ్చేదాకా చూడాలి."

మేనత్త నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగింది. "ఆటలో మన అల్లుణ్ణి ఓడించాడు ఈ రాయబారి. యాభై."

నా జేబులో పదిహేనున్నాయి. లీగు వాళ్ళు నాకూ మొదటి వాయిదానే ఇచ్చారు మరి.

ఆడవాళ్ళు గొంతెత్తి సంతోషపు కేకలు పెట్టారు. అది విని బత్సిరాయి గేటు తోసుకుని వాకిట్లోకి వచ్చి ఆగిపోయాడు. నెత్సాయి తలుపు దగ్గర నిలబడి వాణ్ణి చూస్తోంది. అయినా వాడు ముందు నా దగ్గరికే వచ్చాడు.

"నిజంగా బయట పడిందా, బాబాయ్?"

"నాలుగు వేళ్ళు."

వాడు తన వేళ్ళు నాలుగూ చాచి, ఒకటి ముడిచాడు.

"మూడే," అన్నాడు. అని పెళ్ళాం కాబోయే పిల్ల దగ్గరికి నడిచాడు.