అత్తగారి పేరు

కాలేజీలో మొదటిరోజు ఆమె గుమ్మంలో కాలు పెట్టగానే క్లాసంతా లేచి నిలబడింది. కొత్త లెక్చరర్ అనుకున్నారు. ఆమె కంగారుగా కూర్చోమని సైగ చేసి, తానూ వెళ్ళి మూడో బెంచీలో కూర్చునేసరికి నవ్వులే నవ్వులు. ఆ రోజు నుంచి ఆమె ‘మేడమ్’ అయిపోయింది. హాజరు నంబర్లతోనే వేస్తారు కాబట్టి ఆమె అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు.

పిల్లలు మర్యాదస్తులే. తలుపు తీసి పట్టుకుంటారు, బస్సులో సీటు ఇస్తారు. పక్కన మాత్రం కూర్చోరు. బెంచీ రెండోవైపు ఆమె సంచీ కూర్చుంటుంది.

ఆ ఏడాది పాఠం నూరేళ్ళ కిందటి నవల. అందులో ఒకావిడ మిట్టమధ్యాహ్నం పొయ్యిమీద పాలు పెట్టి, చెప్పులు తొడుక్కుని, ఇంట్లోంచి వెళ్ళిపోతుంది. ఊరికి అవతల, ప్రింటింగ్ ప్రెస్సు పైన, చిన్న గది అద్దెకు తీసుకుంటుంది. మొదటి రాత్రి దీపం ఆర్పకుండానే పడుకుంటుంది, ఆర్పమనేవాళ్ళు లేరు కాబట్టి. ఆ పేజీ దగ్గర ఆమె పుస్తకం మూసి, తమ కళ్ళజోళ్ళ షాపులో గల్లా వెనక ఊరికే కూర్చుండిపోయింది.

“ఏంటోయ్, గాలి సోకిందా?” అన్నాడు భర్త, ఫ్రేములు తుడుస్తూ.

“ఈ నవల్లో ఆవిడ...”

“ఆవిడ సంగతి తర్వాత చూద్దాం. ఆర్డరిచ్చిన పెద్దాయన బైఫోకల్స్ వచ్చాయేమో చూడు.”

చూసింది. వచ్చాయి.

హాస్టల్లో ఉన్న కొడుకు ఫోన్ చేసినప్పుడు మళ్ళీ మొదలుపెట్టబోయింది. “అమ్మా, కథలొద్దే, క్లాసుకి టైమైంది. నాన్నకివ్వు” అన్నాడు వాడు.

లెక్చరర్ ఆమెకన్నా బాగా చిన్నది. పాఠం చెప్పడంలో ఆ పిల్లదో పద్ధతి. బల్ల పక్కన ఒక కుర్చీ వేయిస్తుంది. అందులో ఎవరు కూర్చుంటే వాళ్ళే ఆ పాత్ర. క్లాసు ప్రశ్నలడుగుతుంది, వాళ్ళు ‘నేను’ అంటూ జవాబు చెప్పాలి. పుస్తకంలో లేనిది అడిగితే “పుస్తకం చెప్పలేదు” అనాలి, అంతే.

ఆ కుర్చీలో, ఇల్లు వదిలినావిడగా కూర్చోవాలని ఆమెకు మహా ఆశ కలిగింది. ‘నేను’ అని మొదలుపెట్టి, మధ్యలో ఎవరూ అడ్డు రాకుండా ఒక్క మాట చివరిదాకా చెప్పాలి. బట్టలు ఆరేస్తూ, అంట్లు సర్దుతూ ఆ జవాబులే మనసులో అనుకునేది.

పాత్రలు పంచే రోజు ఆమె చెయ్యి సగం లేచిందో లేదో, వెనక బెంచీ నుంచి ఓ గొంతు వినిపించింది. క్లాసులో వాణ్ణి ‘మైకు’ అంటారు.

“మేడమ్! మేడమ్‌కి అత్తగారి వేషం ఇచ్చేయండి మేడమ్!”

ఇద్దరు మేడమ్‌లూ ఒకేసారి తలెత్తారు. క్లాసు గొల్లుమంది.

“మీకే బాగా నప్పుతుందండీ. ఏమీ అనుకోరుగా?” అంది లెక్చరర్.

“అనుకోవడానికేముందమ్మా” అని చెయ్యి దించేసింది. ఆమె అనుకున్న పాత్ర ముందు బెంచీలో ఉన్న ఓ క్రాఫు పిల్లకి వెళ్ళింది.

ఇంటికెళ్ళి అత్తగారున్న చోట్లన్నీ మళ్ళీ చదివింది. ఎక్కువ లేవు. కిటికీలు మూస్తుంది, మందు వేసుకుంటుంది. కోడలు వెళ్ళిన మధ్యాహ్నం పొయ్యి ఆపుతుంది. మూడొందల పేజీల్లో ఎవరూ ఆవిణ్ణి పేరుపెట్టి పిలవలేదు.

కుర్చీ వేసిన రోజు ముందు క్రాఫు పిల్ల కూర్చుంది. బాగా చెప్పింది, చప్పట్లు కొట్టించుకుంది. తర్వాత ఈమె. కుర్చీ ఇంకా వెచ్చగా ఉంది.

“అత్తయ్యగారూ, కోడలు వెళ్తుంటే చూశారా?” మైకు మొదలుపెట్టాడు.

“చూశాను. నేను కిటికీ దగ్గరే ఉన్నాను.”

“మరి ఆపలేదేం?”

“పొయ్యి ఆపాను.”

“బాగుంది! మనిషి పోతుంటే పాలు కాపాడారన్నమాట!”

నవ్వులు తగ్గేదాకా ఆగింది. “పాలు పొంగి మాడితే ఆ వాసనకి ఇంట్లో పడుకున్నవాళ్ళంతా లేస్తారు బాబూ. మా కోడలు వీధి మలుపు తిరిగేదాకా ఎవరూ లేవకూడదని ఆపాను.”

“ఇది ఏ పేజీలో ఉందండీ?” అంది లెక్చరర్, పుస్తకం తిరగేస్తూ.

“ఆపడం ఉందమ్మా. ఎందుకు ఆపిందో పుస్తకం చెప్పలేదు.”

“అయితే అది మన ఊహ కదండీ. ఊహలొద్దనుకున్నాం.”

“సరేనమ్మా.”

“ఆఖరి ప్రశ్న అత్తయ్యగారూ” అన్నాడు మైకు. “నవలంతా గాలించాను, దొరకలేదు. ఇంతకీ మీ పేరేంటి?”

ఏమనాలో ఆమెకు తెలుసు. కానీ క్లాసంతా ఆమె ముఖంకేసే చూస్తోంది, ఏం చెబుతుందా అని. అలా చూస్తూ ఆ మాట అడిగినవాళ్ళు ఈ మధ్య ఎవరున్నారు? నోట్లోంచి తన పేరే వచ్చేసింది.

అందరూ బల్లలు చరిచారు.

“భలే పెట్టారు మేడమ్! ఆ అత్తగారికి అతికినట్టుంది!”

లెక్చరర్ కూడా నవ్వేసింది. “నియమం తప్పారు. పోనీలెండి, పిలుచుకోవడానికి మనకీ ఒకటి కావాలిగా” అంటూ బోర్డుమీద ‘అత్తగారు’ అన్నచోట ఆ పేరు రాసింది.

“కాదమ్మా, అది నా...” అని ఆమె లేచేలోపు గంట కొట్టారు. అందరూ సంచులు సర్దుకుంటున్నారు.

సాయంత్రం షాపులో భర్తతో చెప్పింది. “ఇవాళ క్లాసులో నా పేరు బోర్డుమీద రాశారు.”

“ఏం, అల్లరి చేశావా?” అని తన జోకుకి తనే నవ్వుకున్నాడు. ఆమె కూడా నవ్వింది.

ఆ తర్వాత నవల అయ్యేదాకా క్లాసులో ఆమె పేరు వినబడుతూనే ఉంది. ఆవిడ పిరికిదన్నారు. ఆవిడ ముందే నోరు తెరిచుంటే కోడలికి ఆ అవస్థే ఉండేది కాదన్నారు. కాదు, ఆవిడకీ ఏదో బాధ ఉండి ఉంటుందని క్రాఫు పిల్ల వాదించింది. పేరు వినబడ్డ ప్రతిసారీ ఆమె తల దానంతటదే లేచేది. అందరి కళ్ళూ పుస్తకాల్లో ఉండేవి.

“మేడమ్” అని పిలిచింది క్రాఫు పిల్ల, వాదన మధ్యలో ఆమె వైపు తిరిగి. “కొంచెం ఆ కిటికీ మూస్తారా? ఎండ పడుతోంది.”

ఆమె లేచి వెళ్ళి మూసింది.